గేటు పడిన సేపు

సికింద్రాబాద్, మారేడ్‌పల్లి
జూన్ మొదటి వారం

తిరుమల్‌కి,

నిన్న ఫోన్ పెట్టేసింది నేనే. సిగ్నల్ పోయిందని ఇంట్లో వసుధతో చెప్పి ఉంటావు, ఆమెకు నిజం చెప్పు. నేను ఒక్క మాట పూర్తిచేసేలోపు ఎన్నిసార్లు అడ్డం వచ్చావో నీకు తెలియదు. కుర్రతనంలోనూ అంతే, నా వయొలిన్ ముగియకముందే నీ గిటార్ దూరేది. అందుకే ఈ సంగతి మీద ఇక ఉత్తరాలే. ఉత్తరంలో అయితే నా సంతకం దాకా నువ్వు నోరు మూసుకుని ఉండక తప్పదు. మా వీధి చివర పోస్టు డబ్బా ఇంకా ఉంది, దాని తాళం తీసే మనిషీ వస్తున్నాడు.

చెప్పబోయిన విషయం ఇది. బెంగళూరులో కల్పలత అనే అమ్మాయి ఉంది. పాత రాక్ బృందాల రికార్డింగులు వెతికి పట్టుకుని, బాగుచేసి, మళ్ళీ ఎల్పీ రికార్డులుగా వేయడం ఆమె పని. మనల్ని రికార్డు చేసిన బొల్లారం రిచర్డ్ అంకుల్ పోయాక ఆయన సామాను సర్దుతుంటే మన టేపు బయటపడిందట. అట్ట మీద ఆయన చేతిరాతతో ‘బొల్లారం గేట్, 1989’ అని మన బృందం పేరు. ఆ పిల్ల విని నాకు ఫోన్ చేసింది. పాట లేకుండా, పాడేవాళ్ళు లేకుండా, వయొలిన్, చెల్లో, గిటార్, డ్రమ్స్ నాలుగూ ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఇలాంటి రాక్ ఆ రోజుల్లో మీకు ఎలా తట్టింది మేడమ్ అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆ ప్రశ్న అప్పుడు మనల్ని ఎవరైనా అడిగితే ఎంత బాగుండేది.

రికార్డు రావాలంటే బతికున్న ముగ్గురం, నువ్వూ నేనూ కిషనూ, సంతకాలు పెట్టాలి. అట్ట వెనక వేయడానికి మన చరిత్ర కూడా రాసి ఇవ్వాలట. రెజిమెంటల్ బజార్‌లో కిషన్ కొట్టుకి వెళ్ళి చెప్పాను. స్టీలు గిన్నెలు తుడుస్తూనే విన్నాడు. “నువ్వేడ చెప్తే ఆడ సంతకం పెడ్త డోరా. గీ హిస్టరీలు గిట్ల నాతోటి కావు. తిరుమల్‌గానికి చెప్పు, వానికి మాటలెక్కువ” అన్నాడు. కాబట్టి చరిత్ర నువ్వే రాయాలి. అతిశయోక్తులు లేకుండా ఎలాగూ రాయలేవు, నేను దిద్దుతాను.

నాకు కావలసింది ఒక్కటే. నా తమ్ముడు ఆషర్ ఈ లోకంలో మిగిల్చిపోయిన చప్పుడు ఆ టేపు మాత్రమే. రికార్డింగ్ అయిన మరుసటి వానాకాలంలోనే వాడు కామెర్లతో పోయాడు, నీకు తెలియనిది కాదు. మా ఇంట్లో వాడి గొంతు కూడా ఎక్కడా లేదు. వాడి చెల్లో చెడకుండా బయటికి రావాలి. మిగతాదంతా నువ్వు ఎలా అంటే అలా.

డోరా


కాజీపేట
జూన్ నెలాఖరు

డోరాకు,

నీ ఉత్తరం అందింది. వసుధ చదివి పొట్ట పట్టుకుని నవ్వింది. “ఆమెకు నువ్వు మంచిగ తెలుసు” అంది. సరే, నేను అడ్డం రాను. ఇదిగో చరిత్ర.

బోయిగూడ దర్జీ తుకారాం కొడుకు తిరుమల్ అనే నేను, కాలేజీలో ఆషర్ పక్క బెంచీలో కూర్చోవడం వల్ల ఈ బృందం పుట్టింది. వాడు నోట్లో నాలుక లేనివాడు. ఒక ఆదివారం మా ఇంటికి రా, నాలుగు గంటలకు వాయిస్తాం అన్నాడు, అదే వాడు నాతో మాట్లాడిన అతి పెద్ద వాక్యం. వచ్చాను. మీ నాన్న యేసురాజు మాస్టారు వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా పట్టుకుని కూర్చున్నారు. నువ్వు వయొలిన్, ఆషర్ మోకాళ్ళ మధ్య నిలబెట్టిన చెల్లో. నాలుగో కుర్చీ ఖాళీ. దాని ముందు స్టాండు మీద రెండో వయొలిన్ కాగితాలు తెరిచి ఉన్నాయి. నేను గిటార్ తీసుకుని ఆ కుర్చీలో కూలబడ్డాను. చర్చిలో సాయంత్రం ఆరాధన దాకా, ఎవడో తెల్లవాడు రెండు వందల ఏళ్ళ కిందట రాసిన రెండో వయొలిన్‌ని నేను గిటార్ మీద తప్పులతో లాగించాను. మాస్టారు కళ్ళు మూసుకుని భరించారు. మన సంగీతమంతా ఆ కుర్చీలోంచే వచ్చిందని నా నమ్మకం.

తర్వాత రిచర్డ్ అంకుల్ ఇంట్లో విదేశీ రాక్ రికార్డులు విన్నాం. ఒక్కో పాట రికార్డు ఒక వైపంతా ఉండేది, తాళం లెక్కలు మారుతూ, వెనక్కి తిరుగుతూ. ఇది మనం ఆదివారం వాయించేదే కదా, కాస్త గట్టిగా, అని నువ్వే అన్నావు. దానికి డ్రమ్స్ కావాలి. గణపతి ఊరేగింపుల్లో వాయించే కిషన్‌ని పట్టుకొచ్చాం. వాడు మొదటి రోజు మాస్టారి కాళ్ళకు మొక్కి, “సార్, నేను కొడ్తే మీ గోడలు కూలుతై” అని ముందే చెప్పాడు. అందుకే అంకుల్ తన రేకుల షెడ్డు ఇచ్చారు, బొల్లారంలో రైలు గేటు పక్కన.

కచేరీల సంగతి కూడా రాయాలి కదా. కాలేజీ ఉత్సవంలో మనం సగం వాయించేసరికి ముందు వరుస కుర్రాళ్ళు “సింగర్ ఎప్పుడొస్తడన్నా” అని అరిచారు. కిషన్ మైకులో, “సింగర్ జెర పరేషాన్‌ల ఉన్నడు, రాడు” అన్నాడు. చప్పట్లు దానికే పడ్డాయి. చర్చి వార్షికోత్సవంలో వాయిస్తే సంఘ పెద్దలు మాస్టారిని పక్కకు పిలిచి, ఇది స్తుతి కిందికి వస్తుందా అని అడిగారు. వస్తుందని ఆయన గట్టిగానే చెప్పారు, కానీ వాళ్ళు మనల్ని మళ్ళీ పిలవలేదు.

ఇక అసలు విషయం. మన పెద్ద రచన ‘గేటు పడింది’ బయట ఎక్కడా వాయించలేదు, అంత సేపు మనకు ఎవరిస్తారు. షెడ్డులోనే వాయించాం, షెడ్డులోనే రికార్డు చేశాం. సరిగ్గా మధ్యలో గూడ్సు బండి. పిలవని పేరంటానికి వచ్చినట్టు రోజూ వచ్చేది. గేటు పడగానే మనం ఆపేవాళ్ళం, బండి దాటాక మళ్ళీ అందుకునేవాళ్ళం. రికార్డింగ్ రోజు కూడా అదే జరిగింది. ఒక్కటే టేపు, ఇంకోసారి వాయించడానికి లేదు. డోరా, నిన్న కల్పలత నాకు ఫోన్ చేసి ఒక మాట చెప్పింది. ఇప్పుడు కంప్యూటర్లు రైలు చప్పుడును వేరుచేసి తీసేయగలవట. ముప్పై అయిదేళ్ళ తర్వాత ఆ దరిద్రపు రైలు పట్టాలు దిగబోతోంది. తియ్యమ్మా, నాకు సంతోషం అని చెప్పాను. నువ్వూ ఒక మాట అనేస్తే అయిపోతుంది.

తిరుమల్


సికింద్రాబాద్
జూలై

తిరుమల్‌కి,

చరిత్ర బాగుంది. ఒక దిద్దుబాటు ఉంది. ఆ ఖాళీ కుర్చీ మా అమ్మది. రెండో వయొలిన్ ఆమె వాయించేది. ఆమె పోయాక కూడా నాన్న ప్రతి ఆదివారం ఆ కుర్చీ వేసి, కాగితాలు తెరిచి పెట్టేవారు. మేం ముగ్గురం ఆమె భాగాన్ని వదిలేసి వాయించుకునేవాళ్ళం. అందులో ఎవరూ కూర్చోకూడదని ఇంట్లో అందరికీ తెలుసు, కొత్తగా వచ్చిన నీకు తప్ప. నువ్వు కూలబడగానే నేను నాన్న మొహంలోకి చూశాను. నాన్న విల్లు ఎత్తి, ‘మొదలుపెడదాం’ అన్నారు. ఆ రాత్రి అన్నం తింటూ, “కుర్రవాడికి తాళం నిలవదు గాని, భయం లేదు. రానియ్యండి” అన్నారు. ఇది నీకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదనుకుంటా. అట్ట మీద వేయనక్కర్లేదు.

రైలు సంగతి. నేను ఒప్పుకోను.

చెల్లో మంద్ర స్వరాలూ ఇంజిన్ రొదా ఒకే చోట ఉంటాయి. కల్పలతను నేనూ అడిగాను. రైలును గీకితే చెల్లో కూడా కొంత గీసుకుపోతుంది మేడమ్, గిటార్ మాత్రం చాలా శుభ్రంగా వస్తుంది అని నిజాయితీగానే చెప్పింది. రైలుతో పాటు ఆషర్ పోతాడు. ఇది నాకన్నా నీకే బాగా తెలియాలి, గేటు వైపు నిలబడింది నువ్వు. తెలిసి కూడా ‘సంతోషం’ అని ఎలా అన్నావో నాకు అర్థం కావడం లేదు. మొదటి ఉత్తరంలోనే నేను అడిగింది ఒక్కటే అని రాశాను కదా.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. నా దగ్గర నేర్చుకునే పిల్లల వయొలిన్ తీగలు రోజూ దిగిపోతున్నాయి, సగం క్లాసు శ్రుతి చేయడానికే సరిపోతోంది.

డోరా


కాజీపేట
జూలై చివర

డోరాకు,

మీ అమ్మగారి కుర్చీ గురించి రెండుసార్లు చదివాను. అందులో ఇన్నాళ్ళు ఏం తెలియకుండా కూర్చున్నాను. మాస్టారు ఒక్క మాట అనలేదు. ఆయన గురించి ఇంకేం రాసినా తక్కువే.

రైలు గురించి మాత్రం నీతో తగువు తప్పదు. నువ్వు గోరంతను కొండంత చేస్తున్నావు. ఆషర్ అంటే నాకు ప్రాణం కాదా? చెల్లో కాస్త పలచబడితే పడుతుంది, మనిషి పోతాడా? రైలు రైలే, ఆషర్ ఆషరే.

నా వైపు నుంచి కూడా చూడు. నువ్వు ఇప్పటికీ వయొలిన్ పట్టుకునే అన్నం తింటున్నావు. నేను విద్యుత్ శాఖ ఆఫీసులో బల్ల ముందు జీవితం గడిపి రిటైరయ్యాను. గిటార్ అటక మీద ఉంది, దాని మీద పరుపుల చుట్ట. నేను ఒకప్పుడు ఏదో చేశానని చెప్పుకోవడానికి, ఆ టేపు నుంచి అంకుల్ మనకు కాపీ చేసిచ్చిన క్యాసెట్ ఒక్కటే. ఆఫీసులో ఒకసారి వినిపించాను. మా సూపరింటెండెంట్ అంతా విని, “బాగుంది గాని తిరుమల్, మధ్యల రైలొచ్చిందేందయ్యా” అన్నాడు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆఫీసులో నా పేరు రైలు తిరుమల్. పెళ్ళయిన కొత్తలో వసుధకు పెట్టాను. రైలు రాగానే ఆమె కూడా నవ్వింది. పాపం, వెంటనే ఆపుకుంది, కానీ నవ్వింది. అప్పటినుంచి ఎవరికి వినిపించినా ఆ భాగం రాగానే వేలు పెట్టి ముందుకు తిప్పేస్తాను. నేనే విని ఎన్నేళ్ళయిందో. ఆ వయసులో నేను వాయించినదాంట్లో అంతకన్నా మంచిది లేదు డోరా, దాన్ని ఒక్కసారి ఎవరూ నవ్వకుండా వినాలని ఉంది.

ఆడలేక మద్దెల ఓడు అంటావేమో, అను. నమూనా ఒకటి చేసి పంపమని కల్పలతకు చెప్పాను. విన్నాక నీ కోపం పోతుంది.

తిరుమల్


సికింద్రాబాద్
ఆగస్టు

తిరుమల్‌కి,

నమూనా చేయించావు, మంచిది. నేను సంతకం పెట్టను. నేను పెట్టకపోతే రికార్డు రాదని నాకు తెలుసు. రాకపోతే పోయింది. ముప్పై అయిదేళ్ళు ఎవరూ వినలేదు, ఇంకో ముప్పై అయిదేళ్ళు వినకపోయినా ఎవరి కొంపా మునగదు.

ఒక్కటి మాత్రం అడుగుతాను, నిజం చెప్పు. గేటు పడగానే ‘మనం’ ఆపేవాళ్ళం అని రాశావు. నేను వయొలిన్ ఒళ్ళో పెట్టుకునేదాన్ని. కిషన్ తువాలుతో చెమట తుడుచుకునేవాడు. నువ్వు రైలుకేసి తిరిగి నిలబడేవాడివి. ఆషర్ ఏం చేసేవాడు? తెలియనట్టు రాయకు, నాకు కష్టంగా ఉంది. నీకు నీ గిటార్ ముఖ్యమైతే ఆ మాటే చెప్పు, నేను తట్టుకుంటాను. వాడు అసలు అక్కడ లేనట్టు చరిత్ర రాయడం తట్టుకోలేను.

వాడి చివరి వారంలో చేతులు పచ్చబడిపోయి చెల్లో ఎత్తలేకపోయేవాడు. మంచం పక్కన నిలబెట్టమనేవాడు. దాని మీద అరచెయ్యి ఆనించి పడుకునేవాడు. మెట్టుగూడ వైపు బండి వెళ్తే ఆ చెక్క వణికేది. అప్పుడు నాకేసి చూసి నవ్వేవాడు.

డోరా


కాజీపేట
ఆగస్టు చివర

డోరాకు,

ఇది నాలుగోసారి మొదలుపెట్టిన ఉత్తరం.

నీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. ఏం చేసేవాడేమిటి, మనలాగే ఊరికే కూర్చునేవాడు అని రాయబోయాను. అప్పుడు తట్టింది, నేను ఎప్పుడూ చూడలేదని. నా యాంప్లిఫయర్ గేటు వైపు ఉండేది, నేను దాని పక్కన. బండి వస్తే వీపు మీకు, మొహం పట్టాలకు, రెండు వేళ్ళు రెండు చెవుల్లో. రేకులు ఎలా దడదడలాడేవో నీకు తెలుసు. బండి దాటాక గాని ఇటు తిరిగేవాణ్ణి కాదు.

ఇంతలో కల్పలత నమూనా పంపింది. రెండు ఫైళ్ళు. ఒకటి శుభ్రం చేసినది, రెండోది అందులోంచి తీసేసిన చెత్త. తీసేసినదాన్ని కూడా పంపడం వాళ్ళ పద్ధతట, పొరపాటున మంచిది పోలేదని చూసుకోవడానికి. ముందు శుభ్రం చేసినది పెట్టాను. నా గిటార్ అద్దంలా ఉంది. కాసేపు గర్వంగానే ఉంది, దాచను. కానీ రైలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. నూతిలోకి వంగి చూసినట్టుంది. ఆషర్ చెల్లో అంతటా జలుబు చేసిన గొంతులా వినిపించింది. సరే అని రెండోది పెట్టాను.

ముందు రైలే వచ్చింది. వసుధ వంటింట్లోంచి, “ఏందీ, ఆ రైలు పాడుతున్నట్టుంది” అంది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. డోరా, రైలు కింద ఆషర్ ఉన్నాడు. వాడు ఆపనే లేదు. ఇంజిన్ రొద ఏ స్వరంలో ఉందో సరిగ్గా ఆ స్వరం పట్టి, విల్లు ఎక్కడ తిరిగిందో తెలియకుండా లాగుతున్నాడు. బండి దగ్గరికి వస్తున్నప్పుడు స్వరం ఒకలా ఉండి, మనల్ని దాటగానే కొంచెం కిందికి దిగుతుంది కదా. వాడి వేలు దాంతో పాటు జారింది. గార్డు పెట్టె దాటిపోయింది, పట్టాల చప్పుడు తగ్గింది, ఇంకా వాడొక్కడే ఉన్నాడు, సన్నగా. వెంటనే, ఆ చెత్తలోనూ కాస్త అంటుకున్న నా గిటార్ వచ్చి వాడి మీద పడింది.

కల్పలతకు ఫోన్ చేశాను. “కంప్యూటర్‌కి రైలేదో చెల్లో ఏదో తెలియలేదు సార్. రెండూ అంత దగ్గరగా ఉన్నాయి. ఆయన్ని కూడా రైలు అనుకుని తీసేసింది” అంది. కంప్యూటర్‌ని ఏమని తిడతాను, నేను చేసిందీ అదే. ఇన్నేళ్ళూ అక్కడికి రాగానే ముందుకు తిప్పేశాను.

నేను తెలిసి చేయలేదు. నువ్వు నమ్మాలని అడగడం లేదు, కానీ తెలియదు. పక్కన కూర్చున్న నీకు వినిపించింది, నాకు వినిపించలేదు. ఏడుపు వచ్చింది. వసుధ చూస్తుండగానే ఏడ్చాను. ఎందుకు చెప్పలేదు వాడు? రోజూ వాయించి, సామాను సర్దుకుని, ఇద్దరం ఒకే బస్సెక్కి వచ్చేవాళ్ళం. ఒక్కసారైనా, ‘ఒరేయ్, నేను ఆపడం లేదు’ అనవచ్చు కదా.

రైలు ఉండాల్సిందే. ఒక్క చుక్క కూడా తీయవద్దని చెప్పేశాను. ఇంకొకటి కూడా చెప్పాలనుకుంటున్నాను. రైలు వెళ్ళిపోయాక నా గిటార్ అందుకునే చోట దాన్ని బాగా తగ్గించమంటాను. అక్కడ వాడొక్కడే వినిపించాలి. కంప్యూటర్ ఆ పని చేయగలదట. నీ మాట కోసం చూస్తున్నాను. చరిత్ర మొదటినుంచి మళ్ళీ రాస్తాను.

తిరుమల్


సికింద్రాబాద్
సెప్టెంబర్

తిరుమల్‌కి,

నమ్ముతున్నాను. నిన్ను ఇన్నాళ్ళు అపార్థం చేసుకున్నందుకు సిగ్గుగా ఉంది. నీకు తెలుసనే అనుకున్నాను. నువ్వు రైలుకేసి తిరిగి నిలబడితే, వాడు రైలుతో కలిసి వాయించేది వినడానికే అలా నిలబడ్డావనుకున్నాను. చేతులు చెవుల దగ్గర ఉంటే చెవి ఒగ్గి వింటున్నావనుకున్నాను, వేళ్ళు లోపల ఉన్నాయని వెనక కూర్చున్న నాకేం తెలుసు.

వాడు ఎందుకు చెప్పలేదని అడిగావు. మొదటిసారి నాకూ చెప్పలేదు. నా మోచేయి వాడి చెల్లోకు తగిలి, చెక్క వణుకుతుంటే తెలిసింది. ఇంటికి వచ్చాక అడిగాను. “రైలు ఒక్కటే వాయిస్తుంటే మనం చేతులు ముడుచుకుని కూర్చోవడం ఏం మర్యాద అక్కా” అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. మర్నాడు కూడా వాయించాడు. ఆ తర్వాత రోజూ. ఎవరైనా వింటున్నారా అని తలెత్తి చూసేవాడు కాదు. రికార్డింగ్ రోజున అంకుల్ ఒక మైకు వాడి కాళ్ళ దగ్గర పెట్టారు, చెల్లో మెత్తన కదా అని. లేకపోతే ఇది కూడా మిగిలేది కాదు.

వాడు పోయాక చాలా ఏళ్ళు నేను నా క్యాసెట్ పెట్టలేదు. నాకూ ధైర్యం లేదు, తిరుమల్. నువ్వు ముందుకు తిప్పావు, నేను అసలు మీట నొక్కలేదు. వినకపోవడంలో ఇద్దరం ఇద్దరమే.

నీ ఉత్తరం తీసుకుని కిషన్ కొట్టుకి వెళ్ళాను. కల్పలత పంపినవి నా ఫోన్‌లో ఉన్నాయి. గిరాకీ లేని వేళ చూసి, లోపల గిన్నెల మధ్య స్టూలు వేసుకుని ఇద్దరం విన్నాం. వాడు ఫోన్ చెవికి ఆనించుకుని, తల వంచుకుని, మొదటినుంచి చివరిదాకా విన్నాడు. కళ్ళు ఒత్తుకున్నాడు. “నాకు సుత తెల్వదు డోరా” అన్నాడు. తర్వాత నీ గిటార్ తగ్గించాలన్న మాట చదివి వినిపించాను. వాడికి నిజంగా కోపం వచ్చింది. వాడు అన్నది అన్నట్టే రాస్తున్నాను.

“వానికి దిమాక్ గిట్ల ఖరాబైందా? రైలు పోయినంక ఎవలు చెయ్యి లేపిన్రు? ఎవలు ఒకటి రెండు అని లెక్క పెట్టిన్రు? ఎవ్వలు లేరు. ఆడు గేటు దిక్కు మొఖం పెట్టిండు, నేను తువాల్ల మొఖం పెట్టిన. గయినా ముగ్గురం ఒక్కపారే షురూ జేస్తుంటిమి. ఒక్కనాడు తప్పలే. ఎట్ల? ఆషర్ స్వరం ఇడువకుండ మనకోసం పట్టుకుని కూసున్నడు కాబట్టి. ఇనకపోతే తిరుమల్‌గాడు గంత సాఫ్‌గా, అదే స్వరంల ఎట్ల అందుకుంటుండె? నేను గీ దినం దాంక గది నా తెలివనుకున్న.”

నేను ఇంటికి వచ్చి మళ్ళీ విన్నాను. కిషన్ చెప్పింది నిజం. నీ మొదటి స్వరం ఆషర్ స్వరమే. వేరేది కావడానికి వీల్లేదు, రైలు రోజుకో స్వరంలో వచ్చేది, ఆ రోజు అది ఎక్కడ దిగితే వాడూ అక్కడే దిగేవాడు. నువ్వూ ప్రతిరోజూ అక్కడే అందుకున్నావు. పక్కన కూర్చుని వాడు వాయిస్తున్నాడని తెలిసిన నాకు కూడా ఇది తట్టలేదు. నీ మీద అరవడంలో మునిగిపోయాను.

గిటార్ తగ్గించవద్దు. వాడు అంతసేపు లాగింది నువ్వు రావాలనే కదా. నువ్వు రాకుండా చేస్తే వాడు ఇంకా అక్కడే కాచుకుని ఉండిపోతాడు.

నేను సంతకం పెట్టి పంపేశాను. కిషన్ కూడా పెట్టాడు.

డోరా


కాజీపేట
అక్టోబర్

డోరాకు,

నీ ఉత్తరం వచ్చిన రోజునుంచి సాయంత్రాలు స్టేషన్ దాకా నడుస్తున్నాను. కాజీపేటలో రైళ్ళకు కొదవలేదు. బండి వచ్చినప్పుడు చెవులు మూసుకోకుండా నిలబడుతున్నాను. నాకు రొద తప్ప ఏ స్వరమూ దొరకడం లేదు. వాడు ఎలా పట్టుకున్నాడో. దొరకకపోయినా రోజూ వెళ్తున్నాను, వసుధ కూడా వస్తోంది.

గిటార్ ఎక్కడున్నది అక్కడే ఉంచమని కల్పలతకు చెప్పాను. చరిత్ర ఆఖరి భాగం ఇలా రాశాను, చూడు.

“ఈ రచన మధ్యలో ఒక గూడ్సు బండి వస్తుంది. అది వచ్చినప్పుడు మేం ముగ్గురం ఆపాం. చెల్లో వాయించిన ఆషర్ ఆపలేదు. రైలుతో కలిసి వాయించి, అది వెళ్ళాక మమ్మల్ని వెనక్కి పిలిచాడు. ఇది అతని అక్క డోరాకు అప్పుడే తెలుసు. కిషన్‌కీ నాకూ తెలియదు, మా చెవులకు మాత్రం తెలుసు. పిలిచిన ప్రతిసారీ వెళ్ళాం.”

ఇంతకన్నా నాకు రాయడం చేతకాలేదు. నా సంతకం కాగితం ఇదే కవర్లో పెడుతున్నాను, నువ్వే బెంగళూరుకు పంపించు.

తిరుమల్